పెద్ద రాకెట్టు, పెద్దల సందేహం

మన కళాశాల సైన్సు సంఘం విద్యార్థినీ విద్యార్థులు కార్యవర్గం వారికి ఒక వినతిపత్రం సమర్పించి నాలుగు నెలలు కావస్తున్నది. కిందటి ఏడు తాము సోడా సీసాతో తయారుచేసి ఎగురవేసిన నమూనా రాకెట్టును ఈసారి రెండింతలకు పెంచి, గొట్టం మొదలు గొడుగుగుడ్డ వరకు స్వహస్తాలతో నిర్మించి ఎగురవేస్తామని, అందుకు అనుమతిని, ఆరు వేల రూపాయల సహాయాన్ని దయచేయవలసిందని వారి ప్రార్థన. కార్యవర్గం వారు కాదనలేదు. ఔనని కూడా అనలేదు. ఆ కాగితం ఒక సమావేశం నుంచి మరొక సమావేశానికి వాయిదా పడుతూ వస్తున్నది. ఈ విషయమై మా అభిప్రాయాన్ని వార్షిక సంచిక ద్వారా పెద్దల ముందు, విద్యార్థుల ముందు కూడా ఉంచదలచాము. ఆ పిల్లల వెంట మైదానంలో నిలబడినవాళ్ళము గనుక మేము తటస్థులమని చెప్పుకోబోము.

ఈ పిల్లలు జనగామ నుంచి, మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చి చదువుకొంటున్నవారు. 2016 అక్టోబరులో మూడూ వేరువేరు జిల్లాలైనా, బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు వారికి ఆ తేడా తెలియదు. వీరిలో పెంబర్తి ఇత్తడి పనివారి బిడ్డ ఉన్నాడు, మిరప రైతుల బిడ్డలున్నారు, సింగరేణి కార్మికుల బిడ్డలున్నారు. కొందరి ఇంట ఉర్దూ, కొందరి ఇంట తెలుగు. కిందటి ఏడు వీరు చేసిన పని చిన్నదే. రెండు లీటర్ల సోడా సీసాలో మూడోవంతు నీరు నింపి, తలకిందులుగా నిలిపి, సైకిలు పంపుతో వాతావరణ పీడనానికి నాలుగింతల ఒత్తిడి వచ్చేదాకా గాలి కొట్టి, దూరం నుంచి పురికొస లాగి వదిలారు. నీరు కిందికి చిమ్మింది, సీసా పైకి లేచింది. న్యూటను మూడవ సూత్రాన్ని పదేళ్ళుగా బోధిస్తున్న మా సహాధ్యాపకులొకరు తల నుంచి పాదాల దాకా తడిసి, "ఇన్నాళ్ళకు అర్థమైంది" అన్నారు.

మూడవసారి వదిలినది గాలికి వాలి, ప్రహరీ అవతల ఎండబెట్టిన మిరపకాయల కల్లంలో పడింది. కాపలా ఉన్న ముసలమ్మ సీసాను చేతబట్టుకొని వచ్చి, "పైనుంచి సీసాలు పడబట్టె, గిదేంది కొడుకా?" అని నిలదీసింది. సంగతి చెప్పగా విన్నది. విని, "మంచిగనే ఉన్నది గని, కాయ మీద పడకుండ ఎయ్యుండ్రి" అని వెళ్ళిపోయింది. ఆమె ఒక నిమిషంలో ఇచ్చిన తీర్పును మనం నాలుగు నెలలుగా ఇవ్వలేకపోతున్నాము. అనుమతి, దానికొక షరతు: మేము కోరుతున్నది కూడా అంతే.

పెద్దల సంకోచానికి కారణాలు రెండు. మొదటిది పైకి చెప్పేది: ప్రమాదం, ఖర్చు. రెండవది ఎవరూ పైకి చెప్పరు. మైనారిటీ కళాశాల పిల్లలు 'రాకెట్టు' కడుతున్నారంటే నలుగురూ ఏమనుకుంటారో, ఏ పత్రికలో ఏ శీర్షిక వస్తుందో, ఏ ఠాణా నుంచి ఎవరు వచ్చి ఏమడుగుతారో అన్న భయం అది. ఈ భయాన్ని మేము ఎగతాళి చేయము. అది కల్పించుకొన్నది కాదు. తల్లిదండ్రుల కళ్ళలో దానిని మేమూ చూశాము. కాని భయం ఉన్నదని ఒప్పుకోవడం వేరు, దాని చేతికి పిల్లల ప్రయోగశాల తాళంచెవి అప్పగించడం వేరు.

ఇంకొక సంగతి కూడా చెప్పక తప్పదు. ఏటేటా మన వార్షికోత్సవంలో ఎవరో ఒకరు లేచి టిప్పు సుల్తాను రాకెట్ల గురించి ప్రసంగిస్తారు. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు వద్ద హైదరాలీ, టిప్పు సైన్యాల చేతిలో ఆంగ్లేయులు ఓడిపోయారని, ఆ రోజున మైసూరు రాకెట్లు శత్రువులను కకావికలు చేశాయని, 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తరువాత ఆ రాకెట్లను ఇంగ్లండుకు తరలించారని, వాటిని చూసి విలియం కాంగ్రీవు తన రాకెట్లను రూపొందించాడని చెబుతారు. అదంతా నిజమే. చప్పట్లు మోగుతాయి. (1799లో హైదరాబాదు నిజాము సేనలు ఆంగ్లేయుల పక్షాన నిలిచిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అది వేరే కథ.) చప్పట్లు కొట్టిన చేతులలో ఎన్నింటికి ఒక అట్టగొట్టాన్ని నిలువుగా, వంకర లేకుండా కోయడం వచ్చును? టిప్పు రాకెట్టులోని విశేషం ఆయన శౌర్యంలో లేదు, కమ్మరి కొలిమిలో ఉన్నది. కాగితపు గొట్టం, వెదురు గొట్టం తట్టుకోలేని ఒత్తిడిని ఇనుప గొట్టం తట్టుకొన్నది. అందుచేత లోపల మందును మరింత బిగించి కూరడం సాధ్యమైంది, రాకెట్టు మరింత దూరం పోయింది. గొట్టానికి కట్టిన పొడుగాటి వెదురు బద్దో, కత్తో దానికి దిశ నిలిపింది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా బిదనూరు నగరలో ఒక పాడుబడిన బావిని తవ్వినప్పుడు ఇట్టి ఇనుప గొట్టాలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. వాటిని సాగగొట్టి చుట్టిన ఉస్తాదుల పేర్లు మనకు దక్కలేదు. పేర్లు లేని ఆ పనివారికి వారసులమని చెప్పుకోవాలంటే కొలబద్ద పట్టక తప్పదు.

మన పల్లెల్లో తారాజువ్వను 'అవాయి చువ్వ' అంటారు. ఆ 'అవాయి' ఉర్దూలోని 'హవాయీ'యే, 'హవా' అంటే గాలి. గాలి కొట్టి ఎగురవేసే మన సీసాకు అంతకంటె తగిన పేరు లేదు. ఒక భాష తల ఇస్తే మరొక భాష తోక తగిలించిన ఈ మాట మన కళాశాల కోసమే పుట్టినట్లున్నది.

ఇక అసలు విషయం. "చిన్నది ఎగిరింది కదా, ఇంకా పెద్దది దేనికి? అదే పని మళ్ళీ చేయడమే గదా?" అని కార్యవర్గ సభ్యులొకరు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం తెలియజేయడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నామన్నా తప్పు లేదు. పెద్దది చేయడమంటే అదే పని మళ్ళీ చేయడం కాదు. ఒక వస్తువును అన్ని వైపులా రెండింతలు పెంచితే దాని ఉపరితలం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. పిల్లలు తలచినట్లు పెద్ద రాకెట్టులో మూడు సోడా సీసాలను కలిపి కట్టితే ఊపు మూడింతలే వస్తుంది. ఎనిమిదింతల బరువును మూడింతల ఊపుతో తోస్తే వేగం ఎనిమిదింట మూడు వంతులకు పడిపోతుంది. ఎత్తు వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, గాలి నిరోధాన్ని పక్కనపెట్టి ఉజ్జాయింపుగా చూసినా, చిన్న రాకెట్టు ఎగిరిన ఎత్తులో ఏడోవంతుకు మించదు. అనగా చిన్నది వేపచెట్టు దాటితే, పెద్దది గడప దాటదు. ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూసుకొన్నప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడవలసింది. అంతవరకు వారికి వర్గం, ఘనం అన్నవి పరీక్షపత్రంలోని మాటలు.

అప్పుడు మొదలైంది నిజమైన పని. బరువును ఎక్కడ తగ్గించాలి? దేహానికి బట్టల దుకాణాలలో గుడ్డ చుట్టే అట్టగొట్టం అనుకొన్నారు, అది బరువని తేలింది. పలుచని అట్టను కర్ర దిమ్మె మీద రెండు పొరలుగా చుట్టి, మైదా జిగురుతో అతికి సొంత గొట్టం చేసుకొన్నారు. రెక్కలకు తెచ్చిన ప్లైవుడ్డును విసర్జించి పొనికి చెక్కకు వచ్చారు. మన పక్కనే, ములుగు జిల్లా పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి నీటి మీద తేలే ఇటుకలు వాడారని చిన్నప్పటి నుంచి వింటున్నాము. ఎందుకు వాడారో ఆ పిల్లలకు అప్పుడు తట్టింది. విహారయాత్రలో నాలుగుసార్లు చూసినా తట్టలేదట.

కాని తేలిక చేయడంతోనే సరిపోదు. రాకెట్టు తిన్నగా పోవాలంటే దాని బరువు కేంద్రం ముందుకు, గాలి ఒత్తిడి కేంద్రం వెనుకకు ఉండాలి. ఆ రెండింటి నడుమ ఎడం కనీసం గొట్టపు వ్యాసమంత ఉండాలన్నది అనుభవజ్ఞుల నియమం. దీనిని పరీక్షించడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. రాకెట్టు సరిగా తూగేచోట దారం కట్టి, తల చుట్టూ గిరగిర తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే, తోక ముందుకు వచ్చిందంటే అది ఆకాశంలో కూడా అదే చేస్తుంది. ప్లైవుడ్డు రెక్కలతో చేసిన మొదటి నమూనాను తిప్పితే తోకే ముందుకు వచ్చింది. ముక్కులో ఇసుక మూట పెట్టవలసి వచ్చింది. తగ్గించడానికి నెల రోజులు పాటుపడిన బరువును మళ్ళీ చేతులారా కలపవలసి వచ్చేసరికి ఒక కుర్రవాడు కంటనీరు పెట్టినంత పని చేశాడు. గుడికి తల తేలికగా ఉండాలి, రాకెట్టుకు తల బరువుగా ఉండాలి. ఇది మేము కూడా వారి దగ్గరే నేర్చుకొన్నాము.

ముక్కు సంగతి వచ్చింది గనుక ఒక మాట. పెంబర్తి అబ్బాయి తన తండ్రి చేత ఇత్తడి రేకుతో ముక్కు చేయించుకొని వచ్చాడు. అంత నునుపైన శంకువును మేము ఎక్కడా చూడలేదు. దానిని కాదనవలసి వచ్చింది. ఎగిరే నమూనాకు లోహపు తల ఉండరాదు. అది ఎవరి మీదనైనా పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చివరకు ఆ ఇత్తడి శంకువు అచ్చుగా మారింది. దాని మీద కాగితం పొరలు అతికి, ఆరబెట్టి, ఊడదీసుకొన్నారు. తండ్రి పనితనం వృథా కాలేదు, ఎగరలేదు అంతే.

ఈ లోహం వద్దనే నియమం మా సొంతం కాదు. 1957లో స్పుత్నిక్ ఎగిరిన తరువాత అమెరికాలో కుర్రవాళ్ళు ఇనుప గొట్టాలలో తెలిసీ తెలియని రసాయనాలు దట్టించి వేళ్ళు, కళ్ళు పోగొట్టుకొన్నారు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ 1954లోనే కాగితపు దేహంతో, లోపలి ఇంధనపు గుళికను మార్చుకొనే వీలుతో చిన్న రాకెట్టు చేసి ఉన్నాడు. హ్యారీ స్టైన్ అనే రాకెట్టు నిపుణుడు దానిని చూసి ఆ విద్యకు రక్షణ నియమాలు ఏర్పరిచాడు. వాటి సారాంశం రెండు ముక్కలు: లోహంతో కట్టరాదు, ఇంధనం సొంతంగా కలపరాదు. మన దేశంలో ఈ రెండవ మాటకు చట్టం కూడా తోడుంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాల ప్రకారం అనుమతి పత్రం లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. ఇది మన భూపాలపల్లి పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. గనిలో మందు పేల్చేవాడు పరీక్ష నెగ్గి పత్రం పొందినవాడై ఉండాలని వారికి ఇంట్లోనే తెలుసు. కనుక మా షరతు ఇది: పెద్ద రాకెట్టు ఎగరవచ్చు, కాని గాలితో, నీటితో మాత్రమే ఎగరాలి. సూరేకారం, గంధకం మాట ఎత్తినవారి పేరు ఆ రోజే సంఘం నుంచి తీసివేయాలి.

గాలి, నీరు అంటే ప్రమాదం లేదని కాదు. మూడు సీసాల బెడద ఎందుకు, ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను ఒక్కటి చాలదా అని ఒక విద్యార్థి సూచించాడు. వినడానికి బాగుంది. కాని లోపలి ఒత్తిడి అంతే ఉన్నప్పుడు, గోడ మందం అంతే ఉన్నప్పుడు, వ్యాసం పెరిగినకొద్దీ గోడ మీద పడే లాగుడు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. క్యాను వ్యాసం సోడా సీసాకు రెండున్నర రెట్లు. పైగా సోడా సీసా వాయువు ఒత్తిడికి ఓర్చేట్లు చేసినది, క్యాను అట్లా చేసినది కాదు. నోటితో చెబితే నమ్మరని పరీక్ష చేయించాము. గాలి ఏ మాత్రం లేకుండా నీటితో నిండా నింపి, ఒత్తిడి ఎక్కించాము. నీరు నొక్కుకుపోదు గనుక పగిలినా పేలదు, చీలి కారిపోతుంది అంతే. చెల్పూరు విద్యుత్కేంద్రం వంటి చోట్ల బాయిలర్లను పరీక్షించే పద్ధతి కూడా ఇదే. ముల్లు రెండింతల దగ్గరకు చేరకముందే క్యాను అడుగు చీలి వరండా తడిసింది. సోడా సీసాలు అదే పరీక్షకు ఏడింతల వరకు నిలిచాయి. నాలుగుకు మించి వాడవద్దని గీత గీసుకొన్నాము.

పెద్దవారు కూడా ఇట్లాగే మెట్టుమెట్టుగా ఎక్కారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు అమెరికాలో తయారైనది. అది జాలరుల గ్రామం. అక్కడి క్రైస్తవులు తమ మేరీ మగ్దలీన్ చర్చిని, బిషప్పు గారి నివాసాన్ని దేశానికి అప్పగించగా, ఆ చర్చిలోనే రాకెట్టు భాగాలను కూర్చారు. రాకెట్టు అన్న మాట విని జంకిన దాఖలా ఆ చిన్న సమాజంలో కనబడదు. నాలుగేళ్ళకు, 1967 నవంబరు 20న, మన సొంత రోహిణి ఎగిరింది. దాని పేరు ఆర్.హెచ్.–75. ఆ 75 అనేది మిల్లీమీటర్లలో దాని వ్యాసం. మన పిల్లల సోడా సీసా వ్యాసం 110 మిల్లీమీటర్లు! 1971 అక్టోబరు 9న మన తెలుగు నేల మీది శ్రీహరికోట నుంచి లేచిన మొదటి రాకెట్టు ఆర్.హెచ్.–125. తరువాత 200, 300, 560. ఆపైన మీటరు వ్యాసం, 22 మీటర్ల పొడుగు, 17 టన్నుల బరువు గల ఎస్.ఎల్.వి.–3 వచ్చింది. 1979 ఆగస్టు 10న అది బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు పత్రికల ముందు సతీశ్ ధావన్ గారు తామే నిలబడ్డారు. 1980 జూలై 18న అది నెగ్గినప్పుడు కలాం గారిని ముందుకు పంపారు. పిల్లల రాకెట్టు కూలితే ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్న మన సమావేశంలో వచ్చిందని విన్నాము. మేము చెబుతాము. 2022 నవంబరు 18న హైదరాబాదు యువకుల సంస్థ స్కైరూట్ వారి విక్రం–ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. దాని పొడుగు ఆరు మీటర్లే. దాని మోటారుకు పెట్టుకొన్న పేరు కలాం.

అమ్మాయిల విషయం ఒకటి మిగిలింది. కిందటి ఏడు ప్రదర్శన పట్టికలో వారి పేర్లను 'కుట్టుపని' కింద అచ్చు వేశారు. ఏడు వందల గ్రాముల రాకెట్టు సెకనుకు 5 మీటర్లకు మించని వేగంతో దిగాలంటే 90 సెంటీమీటర్ల వ్యాసం గల గొడుగుగుడ్డ కావాలని లెక్క కట్టినది రెండవ సంవత్సరం చదువుతున్న అమ్మాయి. పాత గొడుగులు విప్పి కుట్టినది కూడా ఆమే, నిజమే. కాని కుట్టు కనబడింది, లెక్క కనబడలేదు. ఎగురవేసే రోజున ఆమెను బాలికల విశ్రాంతి గది కిటికీ దగ్గర నిలబెట్టారు. ఈసారి పురికొస ఆమె చేతిలో ఉండాలని మా కోరిక. ఇంటివారి అనుమతి మేము అడిగి తెచ్చాము. అది వినతిపత్రానికి జతచేసి ఉన్నది.

రెండవ భయానికి మా దగ్గర ఉన్న మందు ఒక్కటే: దాచకపోవడం. తహసీలుదారు గారికి, ఠాణాకు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేద్దాము. వారినే ముఖ్య అతిథులుగా పిలుద్దాము. ఉర్దూలో, తెలుగులో కరపత్రం వేసి చుట్టుపక్కల ఇళ్ళలో పంచుదాము. సీసా, పంపు, నీళ్ళ బిందె ముందు రోజే బల్ల మీద పరిచి ఉంచుదాము. ఎవరైనా వచ్చి ముట్టి చూడవచ్చు. తలుపులు మూసి చేసిన పనికే పుకార్లు పుడతాయి. అయినా ఎవరో ఏదో అనవచ్చు. అననిండు. పిల్లలు నేలమాళిగలో కాక నడి పొలంలో ఉంటారు.

కళాశాల మైదానం ఇందుకు చాలదు, ప్రహరీ దగ్గర, కల్లాలు దగ్గర. పత్తి ఏరేసిన నాలుగెకరాల చేను ఒకటి చూసి వచ్చాము. ఆసామి ఉచితంగానే ఇస్తానన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు: తొలకరి పడితే దుక్కి దున్నుతాడు, ఆ తరువాత అడగవద్దన్నాడు. కార్యవర్గం వారి తదుపరి సమావేశం వచ్చే నెల రెండవ ఆదివారం. రోహిణి కార్తెకు ఇక ఎన్నో వారాలు లేవు.